కలరా ఉండల మూట

రిపోర్టు కట్టలు ప్రెస్సు నుంచి వచ్చే వేళకి ఓజోనమ్మ డాబా మీద గొట్టాలు కడుగుతోంది. ఓజోను కొలిచే యంత్రాలు గాలి పీల్చుకునే గొట్టాలవి. తెల్లగా, జారుడుగా ఉండే ఒక రకం ప్లాస్టిక్కువి. మామూలు రబ్బరు గొట్టమైతే దారిలోనే ఓజోనును మింగేస్తుంది, యంత్రం దాకా రానివ్వదు. లోపల మసి పట్టినా అంతే. అందుకని నెలకోసారి వాటన్నిటినీ విప్పి, శుద్ధి చేసిన నీళ్ళతో కడిగి, నీడన ఆరబెడుతుంది. ఈ పని ఇంకొకరికి అప్పగించదు. అప్పగిస్తే సబ్బు పెట్టి తోమేస్తారని ఆమె భయం.

ఓజోనమ్మ అన్నది ఆఫీసువాళ్ళు తగిలించిన పేరు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు. తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. చివరికి ఆమే ఫోనెత్తి "ఓజోనమ్మని మాట్లాడుతున్నా" అనే దాకా వచ్చింది. ఊరి గాలి మీద డాక్టరేటు చేసిన మనిషి. జుట్టు నెరిసిందాకా ఆ గాలినే పట్టుకు వేలాడింది.

అటెండరు మెట్లెక్కి వచ్చి ఒక కాపీ ఆమె చేతిలో పెట్టాడు.

"వేడివేడిగా ఉందమ్మా. ఇంకా సిరా వాసన కూడా పోలేదు."

ఆమె చేతులు తుడుచుకుని అందుకుంది. ముఖపత్రం మీద 'నగరం గాలిలో ఓజోను' అని పెద్దక్షరాలు. వాటి కింద డైరెక్టరు పేరు. ఆ పేరు కింద ఏమీ లేదు. లోపలి పేజీ తిప్పింది, అక్కడా అంతే. గ్రాఫులు తనవి. వాక్యాలు తనవి. పొగ పుట్టేది నడివీధిలో అయితే ఓజోను తయారై మీద పడేది గాలివాటున ఉన్న తూర్పు పేటలో అని ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి కనిపెట్టింది తను. నడివీధిలో అప్పుడే పుట్టిన బండ్ల పొగ ఓజోనును తినేస్తుంది. అదే పొగ ఎండలో ఉడికి, మధ్యాహ్నానికి తూర్పు పేట చేరేసరికి ఓజోనుగా మారుతుంది. చెట్లూ మైదానాలూ ఉన్న ఆ పేటలో గాలి మంచిదని అందరూ అనుకుంటారు, అక్కడే పిల్లల ఊపిరితిత్తులు మండుతున్నాయి. ఇదంతా పుస్తకంలో ఉంది. ఆమె మాత్రం లేదు.

ఆఖరి పేజీలో కృతజ్ఞతలు దొరికాయి. జీపు డ్రైవరుకు, భోజనాల కాంట్రాక్టరుకు పేరుపేరునా ధన్యవాదాలు. ఆ తర్వాత 'యంత్రాల నిర్వహణలో సహకరించిన సిబ్బందికి' అని ఒక ముక్క.

"మీ పేరు ఏ పేజీలో ఉందమ్మా?" అన్నాడు అటెండరు తొంగి చూస్తూ.

"వెతుకు నాయనా. దొరికితే నాకూ చెప్పు."

సగం గొట్టాలు కడక్కుండానే వదిలేసి కిందికి దిగింది. డైరెక్టరు గదిలో పుస్తకాల కట్టలు బల్ల మీద గోడలా పేర్చి ఉన్నాయి. ఆయన వాటి వెనక కూర్చుని ముఖపత్రాన్ని దూరంగా, దగ్గరగా పెట్టుకుని మురిసిపోతున్నాడు.

"చూశావామ్మా, ఎంత బాగా వచ్చిందో!"

"చూశాను సార్. నా పేరు కనపడలేదు."

"దానికేముందమ్మా. ముఖపత్రం మీద రెండు పేర్లుంటే చదివేవాళ్ళకి గందరగోళం. సంస్థ అన్నాక ఒక మొహం ఉండాలి. లోపల చూడు, సిబ్బందికి కృతజ్ఞత చెప్పాను." ఆయన గొంతులో రవ్వంత బెరుకైనా లేదు. "అన్నట్టు గురువారం సభకి మేయరుగారు వస్తున్నారు. తూర్పు పేట బళ్ళలో ఆటల పీరియడు పొద్దుటికి మార్చాలని ఉత్తర్వు తయారుగా ఉంది. నేను మాట్లాడగానే సంతకం. నువ్వు వేదిక పక్కన చిన్న యంత్రం పెట్టుకు కూర్చో. అంకెలు మారుతూ ఉంటే చూడ్డానికి బాగుంటుంది."

"మాట్లాడక్కర్లేదా సార్?"

"యంత్రం మాట్లాడుతుందిగా!" అని తన జోకుకి తనే నవ్వాడు. "ఆ, పంపుహౌసు స్టేషను గ్రాఫు మాత్రం పెద్దది చెయ్యి. అదే మనకి హైలైటు."

ఆమె పెదవులు నవ్వాయి. ఈ మనిషిని నలుగురిలో నిలబెట్టి తల దించుకునేలా చెయ్యకపోతే తను బతికి దండగ అనుకుంది. ఏదో కోపంలో అనుకునే మాట కాదది. చల్లగా, నిదానంగా, లెక్క చూసుకుని మరీ అనుకుంది.

పంపుహౌసులో గాలి కొలిచే స్టేషను ఆమె సెలవులో ఉన్నప్పుడు డైరెక్టరు స్వయంగా పెట్టించింది. ఫోటోలు కూడా తీయించుకున్నాడు. మిగతా స్టేషన్లన్నీ తన కన్నబిడ్డలైతే అదొక్కటి సవతి బిడ్డ. ఆ పేరెత్తితేనే ఒళ్ళు మండి ఆమె ఇన్నాళ్ళూ దాని గొట్టం కడగడానికీ వెళ్ళలేదు, దాని అంకెల వంకా సరిగ్గా చూడలేదు. ఇప్పుడు గ్రాఫు పెద్దది చేద్దామని తెర మీద తెరిచేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఓజోనుకి ఎండ కావాలి. పొద్దున్న తక్కువగా ఉండి, మధ్యాహ్నానికి కొండెక్కి, చీకటి పడ్డాక చతికిలబడాలి. పంపుహౌసు పక్కనే లారీల అడ్డా. రాత్రంతా లారీల పొగ ఉన్న ఓజోనును కూడా తినెయ్యాలి, అంకె అడుక్కి పోవాలి. ఈ గ్రాఫులో అలా లేదు. మధ్యాహ్నం ఎంతో అర్ధరాత్రీ దాదాపు అంతే. గీత బల్లపరుపుగా సాగింది. రసాయనశాస్త్రం మొదటి ఏడాది చదివినవాడు కూడా పట్టెయ్యగలిగిన తప్పు. డైరెక్టరు గ్రాఫు చూసి ఎన్నేళ్ళయిందో!

మర్నాడు ఆమె బస్సెక్కి పంపుహౌసుకి వెళ్ళింది. కాపలాదారు గేటు తాళం తీసి, నిచ్చెన పట్టుకున్నాడు. గది తలుపు తెరవక ముందే వాసన ముక్కుకి తగిలింది. అమ్మమ్మల పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసన. కప్పు మీదికెక్కి చూస్తే గొట్టం మూతికి చిన్న గుడ్డమూట కట్టి ఉంది. విప్పింది. కలరా ఉండలు, తెల్లగా నిగనిగలాడుతున్నాయి.

"ఇవెవరు కట్టారు?"

"మీ పెద్దసారేనండి. గొట్టంలో కందిరీగలు మట్టిగూడు పెడతాయని ఎవరో చెప్పారట. నన్ను కొట్టుకి పంపి తెప్పించి, తన చేత్తోనే ముడేశారు. అరిగిపోతే కొత్తవి వెయ్యమని నాకు అప్పజెప్పారు. వేస్తూనే ఉన్నానండి."

ఆమెకి నవ్వాగలేదు. కందిరీగల బెడద నిజమే. తను అయితే మూతికి సన్నటి జాలీ బిగిస్తుంది. యంత్రానికి ముక్కుంటుందా? కంటికి కనపడని ఒక రకం వెలుతురును గాలిలోంచి పంపిస్తుంది, అందులో ఎంత తగ్గితే అంత ఓజోను అని లెక్క కడుతుంది. కలరా ఉండల ఆవిరి కూడా అదే వెలుతురును మింగుతుంది. పాపం యంత్రం దాన్ని కూడా ఓజోనే అనుకుని రాత్రీ పగలూ అంకెలు కక్కుతోంది. ఆ అంకెల్నే ఆయన మేయరు ముందు హైలైటు చెయ్యబోతున్నాడు. పైగా సభకి వేరే ఊరి విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్ద ప్రొఫెసరమ్మ వస్తోంది. ఆవిడ కంటికి ఈ గీత పడితే ఇక అంతే సంగతులు.

ఆమె మూటని అరచేతిలో పెట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత ఎక్కడిదక్కడే, అదే ముడి వేసి కట్టేసింది.

"తీసెయ్యమంటారా అండీ?" కింద నుంచి కాపలాదారు అడిగాడు.

"వద్దు. మీ పెద్దసారు కట్టింది మనం విప్పడమేంటి?"

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆమె గురువారం జరగబోయేదాన్ని సినిమా చూసినట్టు చూసుకుంది. ప్రొఫెసరమ్మ ప్రశ్న. డైరెక్టరు నుదుటి మీద చెమట. జనం గుసగుసలు. ఎంత తీయగా ఉందో చెప్పలేం. దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయింది.

ఇంట్లో భర్త వంటింటి గట్టు మీద ఈలలు పరిచి పాత బ్రష్షుతో తోముతున్నాడు. ఆయన తూర్పు పేట బడిలో డ్రిల్లు మాస్టారు. ఉత్సాహం ఆగక ఆమె జరిగిందంతా చెప్పేసింది.

ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు.

"సరే, ఆయన మునుగుతాడు. మరి మిగతా అంకెల సంగతేంటోయ్?"

"అవన్నీ నావి. వాటికి వంక పెట్టేవాడు పుట్టలేదు."

"నీకు తెలుసు. మేయరుకి తెలుసా? ఒక గ్రాఫు దొంగదంటే మొత్తం పుస్తకం దొంగదే అంటుంది. ఫైలు మూసేస్తుంది. ఇక నేను రోజూ ఆ మండుటెండలోనే పిల్లల్ని పరిగెత్తించాలి. ఈరోజు కూడా పొడుగుకాళ్ళ పిల్ల రెండు రౌండ్లు కొట్టి గుండె పట్టుకు కూర్చుంది. మాస్టారూ, లోపల గీరుకుపోతోంది అంటోంది. హెడ్మాస్టర్నడిగితే ఉత్తర్వు తెమ్మంటాడు."

"అంటే ఆయన్ని వదిలెయ్యమంటారా?"

"వదిలెయ్యమని నేనెక్కడన్నానే తల్లీ? ముంచు. శుభ్రంగా ముంచు. పడవలో మా పిల్లలున్నారు, అది చూసుకోమంటున్నా."

ఆమె విసురుగా లేచి స్నానాల గదిలోకి పోయింది. కొళాయి తిప్పి ఊరికే నిలబడింది. ఉక్రోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీవితంలో ఒక్కసారి ఒకడి మీద పగ తీర్చుకుందామంటే దానికీ అడ్డం పిల్లలే రావాలా! అయినా ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇల్లు తగలబెడితే ఎలకతో పాటు తన సామానూ పోతుంది. తను కొట్టాల్సింది ఒక్క మనిషిని. కొడవలితో కాదు, సూదితో కొట్టాలి.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసు హాల్లో సభకి రిహార్సలు పెట్టారు. సిబ్బంది అంతా కుర్చీల్లో కూర్చున్నారు. డైరెక్టరు తెర ముందు అటూ ఇటూ నడుస్తూ పంపుహౌసు గ్రాఫు దగ్గర ఆగాడు.

"రాత్రి కూడా నిద్రపోని ఓజోను! ఎలా ఉంది?"

చప్పట్లు పడ్డాయి. ఆమె లేచి నిలబడింది. ఈ మాట ఆయన గదిలో తలుపేసి చెప్పొచ్చు. అలా చెబితే వెంటనే గ్రాఫు తీసేస్తాడు, సాయంత్రానికి కలరా ఉండల సంగతి ఆయనే కనిపెట్టాడని ఊరంతా అనుకుంటుంది. ఇన్నేళ్ళలో అలా ఎన్నిసార్లు జరిగిందో ఆమెకి లెక్కలేదు. నలుగురి ముందు చెబితే మాత్రం ప్రాణం పోయినా ఒప్పుకోడు. కాబట్టి నలుగురి ముందే చెప్పింది.

"సార్, రాత్రిళ్ళు అంత ఓజోను ఉండదు. అక్కడ గొట్టం మూతికి కలరా ఉండలు కట్టి ఉన్నాయి. వాటి ఆవిరికి యంత్రం పొరపడుతోంది. ఆ గ్రాఫు తీసెయ్యండి."

ఆమె చెప్పిన దాంట్లో అక్షరం అబద్ధం లేదు. చెప్పిన పద్ధతిలోనే ఉంది విషమంతా.

డైరెక్టరు మొహం ఎర్రబడింది. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. "చూశారా, తను పెట్టని స్టేషన్లో ఓజోను ఉందంటే మన ఓజోనమ్మ ఒప్పుకోదు. అత్తాకోడళ్ళ గొడవలాగుంది!"

హాలు గొల్లుమంది. ఆమె కూడా వాళ్ళతో పాటు నవ్వి కూర్చుంది.

గురువారం పొద్దున్న సభకి ముందు పంపుహౌసుకి వెళ్ళి మూట విప్పింది. ప్లాస్టిక్కు డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించి చేతిసంచిలో వేసుకుంది. గొట్టం మూతికి కొత్త జాలీ బిగించింది. డైరెక్టరు వెల్లకిలా పడ్డాక, జనం లేచిపోక ముందే ఎలాగోలా మైకు లాక్కుని మిగతా అంకెల్ని కాపాడాలి. అది ఆమె ఆలోచన. మైకు ఎవరిస్తారన్నది మాత్రం తోచలేదు. యంత్రం పక్కన కూర్చోబెట్టిన మనిషికి మైకెవరిస్తారు?

సభ కిటకిటలాడింది. మేయరు ముందు వరసలో ఉత్తర్వు కాగితం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీసి కూర్చుంది. పక్కన ప్రొఫెసరమ్మ, బక్కపలచటి ముసలావిడ. డైరెక్టరు బాగానే మాట్లాడాడు. ఆమె రాసిన వాక్యాలు ఆయన నోట్లో ఇంకా బాగున్నాయి. తూర్పు పేట గురించి చెబుతుంటే తల్లిదండ్రులు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో డ్రిల్లు మాస్టారు కుర్చీ అంచు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఆమె వేదిక పక్కన చిన్న యంత్రం ముందు బొమ్మలా కూర్చుంది. గదిలో ఓజోను తక్కువే, యంత్రం మీద అంకె పది దగ్గర ఊగిసలాడుతోంది.

"ఇక చూడండి, రాత్రి కూడా నిద్రపోని ఓజోను!"

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు సర్దుకుని చెయ్యెత్తింది.

"నాదొక చిన్న సందేహమండీ. ఎండ లేకుండా మీ ఊళ్ళో ఓజోనుని ఎవరు వండుతున్నారు?"

జనం నవ్వారు. డైరెక్టరు కూడా నవ్వాడు. ప్రొఫెసరమ్మ నవ్వలేదు. లారీల అడ్డా పక్కన రాత్రిపూట ఆ అంకె రావడం అసంభవమని, యంత్రం ఏదో చూసి ఏదో అనుకుంటోందని తేల్చి చెప్పింది. మేయరు ఆవిడ వంకా, తెర వంకా చూసింది.

"అంటే ఈ లెక్కలు నమ్మొచ్చా, వద్దా?" అని పెన్నుకి మూత పెట్టేసింది.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. డైరెక్టరు నుదుటి మీద చెమట పట్టింది. బస్సులో కలగన్నది కలగన్నట్టే జరుగుతోంది. అయినా ఓజోనమ్మకి తీపి తగల్లేదు. ఆమె చూపంతా ఆ పెన్ను మూత మీదే ఉంది. అప్పుడు డైరెక్టరు గొంతు సవరించుకుని, వేలెత్తి ఆమె వైపు చూపించాడు.

"యంత్రాలతో నాకు సంబంధం లేదండీ. అదిగో, ఆవిడ చూసుకుంటారు. తప్పేదైనా జరిగితే ఆవిడనే అడగాలి."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది, తప్పు ఆమె మీదికి నెట్టబోయి పని ఆమెదేనని ఆయనే ఒప్పుకుంటున్నాడు. నెమ్మదిగా లేచి నిలబడింది.

"సార్, వెనకవాళ్ళకి వినపడలేదట. కాస్త మైకు దగ్గరికొచ్చి మళ్ళీ చెప్తారా?"

ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు. "మొదటి రోజు నుంచీ అన్ని యంత్రాలూ ఆవిడవే! గొట్టాలు కడగడం దగ్గర్నుంచి గ్రాఫులు గీసి, వివరణ రాయడం దాకా అంతా ఆవిడే! నేను వాటి మీద వేలు కూడా పెట్టలేదు!"

"అంటే ఈ పుస్తకంలో ఉన్న పనంతా ఈవిడదా?" అంది మేయరు.

"అంతా ఆవిడదేనండీ!" అనేశాడు. ఆ మాట నోరు దాటాక గానీ ఏమన్నాడో ఆయనకి తట్టలేదు.

ఓజోనమ్మ వేదిక ఎక్కి, ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. ఆయన ఇచ్చేశాడు.

"సార్ చెప్పింది అక్షరాలా నిజమండీ. ఒక్క పంపుహౌసు తప్ప. అది నేను సెలవులో ఉండగా సారు స్వయంగా పెట్టారు. కందిరీగలు రాకుండా ఇది తన చేత్తో కట్టారు. నిన్న ఆఫీసులో అందరి ముందూ మనవి చేశాను, నవ్వారు."

ముందు వరసలో ఆఫీసువాళ్ళు తలలు దించుకున్నారు. ఆమె సంచిలోంచి డబ్బా తీసి, మూత విప్పి, మూటని చిన్న యంత్రం గొట్టం దగ్గర పట్టుకుంది. వాసనకి మేయరు ముక్కు మూసుకుంది. అంకె పది నుంచి పాతికకి, పాతిక నుంచి వందకి ఎగబాకింది. మూట తీసి డబ్బాలో పెట్టాక చాలాసేపటికి, గొట్టానికి పట్టిన ఆవిరి వదిలేకొద్దీ, ఒక్కో మెట్టే దిగింది. అప్పటిదాకా హాలంతా అంకెల్నే చూసింది.

"పంపుహౌసు అంకెలు చెత్తబుట్టలో వెయ్యండి. మిగతావాటి మీద ఏ ప్రశ్నైనా నన్నడగండి" అంది.

ప్రొఫెసరమ్మ అడిగింది. గట్టి ప్రశ్నలే అడిగింది, చాలాసేపు అడిగింది. ఓజోనమ్మ కాగితం చూడకుండా జవాబులు చెప్పింది. ఆఖరికి ముసలావిడ మేయరు వైపు తిరిగి, "నేనైతే సంతకం పెట్టేస్తానమ్మా" అంది.

పెన్ను మూత ఊడింది. వెనక వరసలోంచి ఎవరో గట్టిగా ఈల ఊదారు. ఎవరో ఆమెకి తెలుసు.

మేయరు కాగితం అందిస్తూ రిపోర్టు ముఖపత్రం తిప్పి చూసింది. "పనంతా ఈవిడదైతే దీని మీద ఈవిడ పేరు లేదేమండీ?"

డైరెక్టరు పెదాలు తడుపుకున్నాడు. "అది... అచ్చుతప్పండీ."

"ఎంత తప్పు వచ్చిపడింది! అన్ని కాపీల్లోనూ దిద్దించి రేపు నాకు పంపండి."

శుక్రవారం పొద్దున్న ఓజోనమ్మ డాబా మీద, సోమవారం వదిలేసిన గొట్టాల దగ్గర కూర్చుంది. రాత్రి హాయిగా నిద్ర పట్టింది. కలరా ఉండలు బట్టల బీరువాలో పెట్టేసింది. కింద డైరెక్టరు గదిలో కాపీలన్నిటికీ పేరు చీటీలు అంటించాలి. మళ్ళీ అచ్చు వేయించే వ్యవధి లేదు.

అటెండరు నవ్వు బిగబట్టుకుంటూ పైకొచ్చాడు.

"అమ్మా, సారు స్వయంగా రాస్తున్నారు. మీ పూర్తి పేరు ఎలా వెయ్యాలో కనుక్కు రమ్మన్నారు. ఇన్నేళ్ళూ ఓజోనమ్మ అనేసి ఊరుకున్నారట, సరిగ్గా తెలీదట."

ఆమె చెయ్యి గొట్టం మీద ఆగింది. ఆ చిన్న మాట ముఖపత్రం కన్నా లోతుగా గుచ్చుకుంది.

"ఆయన్నే పైకి రమ్మను. చెప్తాను."

మెట్ల మీద అడుగుల చప్పుడు నిదానంగా, ఆగి ఆగి వినపడింది. డైరెక్టరు ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డాడు. చేతిలో పెన్ను, చీటీల కట్ట. వేళ్ళకి జిగురంటుకుని ఉంది. నీడన వేలాడుతున్న తెల్ల గొట్టాలను మొదటిసారి చూసినట్టు చూశాడు.

"పేరు చెప్తావనీ..." అన్నాడు.

"చెప్తాను సార్. చేతిలో పని ఉంది, ఇది అయ్యాక చెప్తాను." ఆమె గొట్టంలోకి నీళ్ళు వంచుతూ తలెత్తకుండా అంది. "ఊరికే నిలబడ్డారెందుకు, చేతులు కడుక్కుని ఆ చివర పట్టుకోండి. సబ్బు మాత్రం ముట్టకండి."